కౌలు, కైఫియతు, సన్నదు: మూడు మాటల్లో మన సీమ చరిత్ర

మా అబ్బాకు ఒక బయాజ్ ఉండేది. నల్ల అట్ట, లోపల గీతల్లేని తెల్ల కాగితాలు. బయాజ్ అంటే అరబీలో తెలుపు. షాయరీ, సూక్తులు, దువాలు, నుస్ఖాలు రాసుకునే సొంత నోటుపుస్తకానికి మన పాతవాళ్ళు పెట్టుకున్న పేరది. అబ్బా బయాజ్‌ను కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు. ఆయన ప్రొద్దుటూరులో బట్ట తీసుకుని జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో అమ్మేవారు. దారిలో విన్న మంచి మాట ఏదైనా ఉంటే రాత్రి ఇంటికొచ్చి రాసుకునేవారు. రైతు చెప్పిన మాట తెలుగు వైపు, మసీదులో విన్నది ఉర్దూ వైపు. కొన్ని పేజీల్లో బాకీల లెక్కలు కూడా ఉన్నాయి. రెండు లిపులూ మధ్యలో కలుసుకోకముందే ఆయన ఇంతెఖాల్ అయ్యారు. నడుమ పదకొండు పేజీలు ఖాళీగా ఉండిపోయాయి.

నాకూ ఆ షౌఖ్ అబ్బింది. కానీ నా పద్ధతి వేరు. తహజీబ్ మీద, హుకూమత్ మీద, సమాజం మీద ఎవరేం గొప్పగా చెప్పినా ఫోన్లో దాచుకునేవాణ్ణి. వందల్లో పోగయ్యాయి. మనవాళ్ళు వీటిని అఖ్వాల్-ఎ-జర్రీన్ అంటారు, బంగారు మాటలు అని. ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడ్డ ఊరు కదా, మాటల బంగారం కూడా మనకు తక్కువేం కాదని మురిసిపోయేవాణ్ణి.

ఒకసారి బంధువుల వలీమాలో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఇల్మ్ గురించి మౌలానా ఆజాద్ చెప్పారంటూ ఒక వాక్యం చెప్పాను. అందరూ వాహ్ వాహ్ అన్నారు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, రిటైరైన ఉర్దూ అయ్యవారు, నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు: "బేటా, మాట బాగుంది. రావీ ఎవరు?"

రావీ అంటే ఫలానావారు ఫలానా మాట అన్నారని మనదాకా తెచ్చినవాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికాను. దొరికిన ఆజాద్ రచనల్లో ఆ వాక్యం ఎక్కడా లేదు. ఎవరో రాసి, బరువు కోసం మౌలానా పేరు తగిలించారు. నేను దాన్ని నమ్మి, మైకులో చెప్పి, ఇంకో యాభై మంది నోట్లో పెట్టాను. ఆ రాత్రి అబ్బా బయాజ్ తీసి చూస్తే, ప్రతి మాట కింద చిన్న అక్షరాలతో ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో చెప్పారో, ఏ తారీఖో ఉంది. ఎన్నోసార్లు తిరగేశాను గానీ అప్పటిదాకా ఆ చిన్న అక్షరాలను పట్టించుకోలేదు.

అప్పటినుంచి నేను మాటలను పోగుచేయడం తగ్గించి, మాటలు ఎలా పోగయ్యాయో చదవడం మొదలుపెట్టాను. ఎవరు ఎవరి మాట రాసుకున్నారు? ఎందుకు రాసుకున్నారు? ఎవరి మాట వదిలేశారు? ఈ సవాళ్ళు మన కడప జిల్లాలోనే, మా మూడు ఊళ్ళ చుట్టూనే ఎంత లోతుగా పాతుకున్నాయో చెప్పడానికే ఈ వ్యాసం.

సనద్ అంటే ఆసరా

ముందు మన ఇంటి సంగతి. మాటను ఊరికే నమ్మకూడదని పద్ధతిగా నేర్పినవాళ్ళు మన ముహద్దిసులు. ఇమాం బుఖారీ (హిజ్రీ 194–256) ఊరూరా తిరిగి హదీసులు సేకరించారు. ఒక్కో హదీసుకు ముందు ఒక గొలుసు ఉంటుంది. నాకు ఫలానావారు చెప్పారు, వారికి ఫలానావారు చెప్పారు అని. దానికే సనద్ అని పేరు. సనద్ అంటే ఆనుకునేది, ఆసరా. గొలుసులో ఒక్కడు అబద్ధాలకోరని తేలినా, ఇద్దరు కలుసుకునే వీలే లేదని తేలినా ఆ మాట బలహీనమైపోతుంది. మాట ఎంత అందంగా ఉందన్నది కాదు, ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందన్నది ముందు చూస్తారు.

తరవాత సూఫీ బుజుర్గుల మల్ఫూజాత్. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా మజ్లిసుల్లో చెప్పిన మాటలను కవి అమీర్ హసన్ సిజ్జీ 1308 నుంచి 1322 దాకా రాసిపెట్టారు. ఆ పుస్తకం పేరు ఫవాయిద్-ఉల్-ఫువాద్. ఏ మజ్లిస్ ఏ రోజు జరిగిందో తారీఖు వేశారు. రాసింది హజ్రత్‌కు చూపించి సరిచేయించుకున్నారు. ఆ తరవాత ఆయన దక్కన్‌కు వచ్చి, ఖుల్దాబాదులో దఫన్ అయ్యారు. దర్బారుల చరిత్రను దర్బారీ ముసన్నిఫులు రాశారు. మామూలు జనం ఒక ఫకీరు ముందు కూర్చుని అడిగిన ప్రశ్నలు, వారి కష్టాలు, వాటికి జవాబులు మాత్రం ఇలాంటి మల్ఫూజాత్‌లో మిగిలాయి. సుల్తాను ఫర్మానులు ఒకవైపు, ఖాన్‌ఖాలో కూర్చున్న ఒక శిష్యుడి నోటుపుస్తకం ఇంకోవైపు. ఆ కాలపు సమాజం తెలియాలంటే ఇవాళ చరిత్రకారులు రెండూ చదువుతున్నారు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇదే సనద్ మన తెలుగులో "సన్నదు" అయింది. నవాబు ఇచ్చిన హక్కు పత్రం సన్నదు. ఖాజీకి, ఖతీబుకు, ముజావరుకు, గుడి పూజారికి, చెరువు కాపలాదారుకు ఇనాం భూమి ఇస్తే చేతికొచ్చే కాగితం అది. మదరసాలో సనద్ మాటకు ఆసరా, కచేరీలో సన్నదు భూమికి ఆసరా. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ పెట్టి ఊరూరా అడిగిందీ అదే: నీ హక్కుకు సన్నదు ఏది? చూపించినవాళ్ళకు, పాత అనుభవం రుజువైనవాళ్ళకు పట్టా వచ్చింది. అప్పుడు తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లను ఈరోజుకూ మసీదు, దర్గా, గుడి భూముల తగాదాల్లో కోర్టులు తిరగేస్తున్నాయి. నూటయాభై ఏళ్ళ కిందట ఒక గుమాస్తా రాసుకున్న ఒక్క పంక్తి ఇవాళ ఒక వక్ఫ్ భూమిని నిలబెట్టొచ్చు, పడగొట్టొచ్చు. మాట రాసిపెట్టుకోవడం ఉబుసుపోక పని కాదని చెప్పడానికి ఇంతకన్నా వేరే మిసాల్ అక్కర్లేదు.

గండికోటలో కాగితాలు

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ, దాని అంచున కోట. లోపల మాధవరాయ ఆలయం ఉంది, జామియా మసీదు ఉంది, పెద్ద ధాన్యాగారం ఉంది. టూరిస్టులు లోయ దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. నేను వెళ్ళినప్పుడల్లా మసీదు మెట్ల మీద కాసేపు కూర్చుని ఒక మనిషిని తలుచుకుంటాను. ఆయన మీర్ జుమ్లా.

ఇరాన్‌లో నూనె వ్యాపారి కొడుకు. వజ్రాల వర్తకుల దగ్గర పనిచేస్తూ దక్కన్ వచ్చి, గోల్కొండ సుల్తాను వజీరు దాకా ఎదిగాడు. 1650లో పెమ్మసాని నాయకుల నుంచి గండికోటను గెలుచుకున్నాడు. రెండేళ్ళ తరవాత, 1652లో, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆయన్ను ఇక్కడే కలిశాడు. తావెర్నియే రాసిన సఫర్‌నామాలో ఒక దృశ్యం నాకు మరపు రాదు. నవాబు గుడారంలో కింద కూర్చున్నాడు, కాళ్ళకు చెప్పుల్లేవు. కాలి వేళ్ళ మధ్య కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ళ మధ్య ఇంకొన్ని. ఒక్కో ఉత్తరం లాగి, చదివించి, జవాబు చెబుతుంటే మున్షీలు రాస్తున్నారు. మధ్యమధ్య నేరస్తులను తెచ్చి నిలబెడితే, విచారించి అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తున్నాడు. ఖైదులో పెట్టి నానబెట్టడం ఇక్కడి దస్తూరు కాదని కూడా ఆ ఫ్రెంచివాడు రాశాడు.

హుకూమత్ అంటే ఏమిటో పెద్ద పెద్ద గ్రంథాలు చెప్పలేనిది ఈ దృశ్యం చెబుతుంది. ఎవరి ఉత్తరం వేళ్ళ మధ్య నిలుస్తుందో వాడి మాట వింటారు. నవాబు ముందు నిలబడ్డ నేరస్తుడి మాటను మున్షీ రాసుకున్నాడా? తావెర్నియే మీర్ జుమ్లా తెలివిని మెచ్చుకున్నాడు. కానీ శిక్ష పడ్డ మనిషి ఏమన్నాడో రాయలేదు. అది ఆయన తప్పు అనను. ఆయన ముత్యాలు, నగలు అమ్ముకోవడానికి వచ్చాడు. కానీ చరిత్రలో మనకు చేరేది ఇలాగే చేరుతుంది. కాగితం దాకా వచ్చిన మాటలే మనదాకా వస్తాయి.

ఇదే మన ముస్లింలు ఆలోచించాల్సిన సంగతి. మీర్ జుమ్లా గురించి మాట్లాడమంటే మనకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఆయన కోటలో ఫిరంగులు లాగినవాడు, దూది ఏకినవాడు, గుర్రాలకు గడ్డి మోసినవాడు మన దాదా పర్‌దాదాలు కావడానికే ఎక్కువ అవకాశం. వారి మాట ఎక్కడుంది?

ఎలా? అని అడిగినవాళ్ళు

1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. కొత్త దొరలకు ఈ సీమ తెలియదు. ఏ ఊరు ఎవరిది, ఏ ఇనాం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు ఎవరి కొడుకు, ఏమీ తెలియదు. ఆ పరిస్థితిలో సర్వేయర్ కాలిన్ మెకంజీ తన మనుషులను ఊళ్ళకు పంపించాడు. వాళ్ళు కరణాల దగ్గర కూర్చుని, కవిలెలు విప్పించి, శాసనాలు నకలు చేసుకుని, పెద్దల మాటలు రాసుకున్నారు. అలా ఊరూరికీ తయారైన కథనాన్ని కైఫియతు అన్నారు. అరబీలో "కైఫ" అంటే "ఎలా". కైఫియత్ అంటే ఎలా ఉన్నదన్న వివరం. ఉర్దూలో కైఫియత్ తలబ్ చేయడమంటే సంజాయిషీ అడగడం. మా చిన్నప్పుడు అమ్మీ కూడా, ఆలస్యంగా ఇల్లు చేరితే, ముందు కైఫియత్ చెప్పమనేది!

ఈ పని నిజంగా నడిపించినవాళ్ళు కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. ఆయన పోగుచేసింది 1828లో విల్సన్ అచ్చువేసిన కేటలాగులో లెక్క తేలింది. గ్రంథాల రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాలు 8,076. నాణేలు, బొమ్మలు వేరే. ఆయన భార్య దగ్గర కంపెనీ దాన్ని పదివేల పౌండ్లకు కొన్నది.

తరవాత జరిగింది వినండి. పని ఇంకా మిగిలే ఉందని, తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరాడు. 1830ల్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. సేకరించడం వరకు సరే, దాన్ని బేరీజు వేసి చరిత్రగా తేల్చే పనికి యూరోపియన్ తలకాయ కావాలన్నది వారి ఆలోచన. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళు తిరిగి, భాషలు నేర్చి, మాటలు ఏరినవాడు వారి లెక్కలో మోసుకొచ్చేవాడే. ఆలోచించేవాడు మాత్రం బల్ల వెనక కూర్చున్నవాడు.

ఈ అన్యాయం గురించి చదివి నేను లక్ష్మయ్య పక్షాన కోపగించుకున్నాను. తరవాత ఇంకో సంగతి తట్టింది. లక్ష్మయ్య మనుషులు ఊళ్ళో అడిగింది ఎవరిని? కరణాన్ని, పెద్దరెడ్డిని, పూజారిని, అక్కడక్కడ ఖాజీని. కడప జిల్లా కైఫియతులు మనకు తెలుగులో సంపుటాలుగా అచ్చయ్యాయి, కట్టా నరసింహులు గారి పుణ్యమా అని. వాటిలో నేను చదివినంతలో మనవాళ్ళు నవాబులుగా, జాగీర్దారులుగా, మసీదు ఇనాం పుచ్చుకున్నవారిగా కనిపిస్తారు. దూదేకులవాడు, కటికవాడు, గాజులమ్మే ఆడమనిషి సొంత గొంతుతో మాట్లాడరు. మాల మాదిగల మాటా అంతే. దొర లక్ష్మయ్యను చిన్నచూపు చూశాడు. లక్ష్మయ్య మనుషులు దూదేకుల దర్వాజా తట్టలేదు. ఒకరి మీద జరిగిన నాఇన్సాఫీ ఆ మనిషిని ఇంకొకరి విషయంలో ఇన్సాఫ్ చేసేవాణ్ణి చేయదు. ఇది మనకూ వర్తిస్తుంది. మా అబ్బా బయాజ్‌లో అమ్మీ చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు.

బ్రౌన్ దొర ఏరుకున్నవి

1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆయన వేమనను చదివిన కథ మాత్రం మన విషయానికి దగ్గరిది. ఫ్రెంచి పాదిరి డూబ్వా పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి, 1824 ప్రాంతంలో ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. పండితులకు వేమన అంటే చిన్నచూపు. కులాన్ని, ఆచారాన్ని, ధనమదాన్ని ఎగతాళి చేసే పద్యాలు జనం నోళ్ళలో ఉన్నాయి గానీ పండితుల అటకల మీద గౌరవంగా లేవు. బ్రౌన్ తాళపత్రాలు తెప్పించి, నకళ్ళు రాయించి, పాఠాలు పోల్చి 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839లో రెండోసారి వేసేటప్పటికి అవి పదకొండు వందలు దాటాయి. కడపలో సొంత బంగళాలో పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. ఆ జాగాలోనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో ఇవాళ బ్రౌన్ గ్రంథాలయం నిలబడింది. పండితులు పక్కన పెట్టిన వేమన పేరిట 2006లో కడపలో విశ్వవిద్యాలయమే వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి పుస్తకం ఒకటుంది. తెలుగు నిఘంటువు అచ్చయిన తరవాత, 1854లో బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు వేశాడు. తెలుగువాళ్ళు రోజూ వాడే అరబీ, ఫార్సీ, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు! అర్జీ, ఫిర్యాదు, జామీను, జప్తు, వసూలు, బాకీ, హాజరు, రాజీనామా, తహసీలు, ఫసలీ లాంటి కచేరీ మాటలు లేకుండా ఆ కాలంలో ఒక్క దస్తావేజు నడిచేది కాదు. పండితులు వీటిని మ్లేచ్ఛ పదాలని పక్కన పెడితే, జనం మాట్లాడేదే భాష అని బ్రౌన్ ఏరుకున్నాడు. హిజ్రీ సంవత్సరాలను తెలుగు సంవత్సరాలతో సరిపోల్చే పట్టికలు కూడా 1850లో వేశాడు.

"మీ ఉర్దూ" అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ నిఘంటువునే గుర్తు చేస్తాను. ప్రొద్దుటూరు షరాబు బజారులో "షరాబు" ఎక్కడిది? అరబీ సర్రాఫ్. కోర్టు మెట్లెక్కే రెడ్డిగారి నోట్లో వకాల్తా, దావా, రుజువు ఎక్కడివి? ఆ మాటలు ఇప్పుడు ఎవరి సొత్తూ కావు. తెలుగువే. అయితే ఒక సంగతి దాచకూడదు. ఈ మాటల్లో ఎక్కువ భాగం పన్ను, కోర్టు, పోలీసు, అప్పు చుట్టూ తిరిగేవి. అంటే మన జబాన్ తెలుగులోకి ప్రేమతో కంటే పెత్తనంతో ఎక్కువ వచ్చింది. ఇది ఒప్పుకుంటేనే మనం తరవాతి మాట ధైర్యంగా చెప్పగలం.

ఏమిటా మాట? పెత్తనం పక్కన ఇంకో దారి కూడా ఉండింది. బ్రహ్మంగారి మఠానికి వెళ్ళినవారికి సిద్ధయ్య తెలుసు. ముడుమాల దూదేకుల ఇంట పుట్టి, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి శిష్యుడై, కడప నవాబు పరీక్షకు నిలిచాడని సీమంతా చెప్పుకునే కథ. ఆ కథలో నవాబూ ముసల్మానే, సిద్ధయ్యా ముసల్మాను ఇంటివాడే. ఒకరి చేతిలో అధికారం ఉంది, ఇంకొకరి నోట్లో మాట ఉంది. నవాబు కాగితాలు చాలా వరకు మట్టిలో కలిసిపోయాయి. సిద్ధయ్య పేరిట తత్వాలు మాత్రం తంబురా మీద ఈరోజుకూ పాడుతున్నారు. వాటిని ఏ దొరా ఉద్యోగమిచ్చి రాయించలేదు. గొంతు నుంచి గొంతుకు వచ్చాయి. అదీ ఒక సనదే.

పులివెందుల దారిలో కౌలు

ఇక మూడో మాట. అఖ్వాల్ అన్నాను కదా, దానికి ఏకవచనం ఖౌల్. ఖౌల్ అంటే చెప్పిన మాట, ఇచ్చిన మాట. ఆ ఖౌల్ పాడేవాడు ఖవ్వాల్, పాడేది ఖవ్వాలీ. ఇదే ఖౌల్ దక్కన్ పాలనలో "కౌలు" అయింది. మొదట అది అభయపత్రం: వెనక్కి వచ్చి సేద్యం చేసుకో, ఇంతకంటే ఎక్కువ పన్ను అడగం అని సర్కారు రైతుకిచ్చే హామీ. యుద్ధాలకు, కరువులకు పాడుపడ్డ ఊళ్ళను తిరిగి నిలబెట్టడానికి ఇలా కౌలు ఇచ్చేవారు. తరవాత తరవాత భూమి బాడుగకు కౌలు అనే పేరు స్థిరపడింది.

అబ్బా బయాజ్‌లో తెలుగు వైపు ఒక పేజీలో పులివెందుల దగ్గరి ఒక కౌలు రైతు చెప్పిన మాట ఉంది: "కౌలంటే కాగితం కాదు సాయిబూ, ఆసామి మనసు." కింద ఊరి పేరు, తారీఖు ఉన్నాయి. ఆ మాట మొదట చదివినప్పుడు నాకు అందమైన సూక్తిగా తోచింది. ఫోన్లో ఎక్కించుకుని నలుగురికి పంపాను కూడా. ఇప్పుడు చదివితే అది ఫిర్యాదని అర్థమవుతుంది. నోటిమాట మీద కౌలుకు తీసుకున్న రైతుకు పంట రుణం రాదు, వేరుశనగ ఎండిపోతే బీమా రాదు. ఆసామి మనసు మారితే చీనీ తోట కాపుకొచ్చిన ఏడే దిగిపోవాలి.

దీన్ని సరిచేయడానికి 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండోదాని ప్రకారం పదకొండు నెలలకు కార్డు ఇస్తారు గానీ భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు వచ్చేస్తుందేమోనని యజమాని జంకుతాడు. అంటే ఖౌల్ ఇంకా నోట్లోనే ఉంది, కాగితం మీదికి రాలేదు. ఆ రైతు మాట నిజమే అయింది. మాటకు అసలు అర్థం తెలియాలంటే చెప్పినవాడి కైఫియత్ తెలియాలి. చెప్పినవాణ్ణి, ఊరిని, కాలాన్ని కోసేసి మాటను మాత్రం ఫ్రేము కట్టిస్తే ఫిర్యాదు కాస్తా సుభాషితం అయిపోతుంది.

పేరు విషయంలోనూ ఇదే. 1800లో ఇచ్చేసిన ఇలాకా కాబట్టి మన సీమకు కంపెనీ పెట్టిన పేరు దత్త మండలాలు. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు, మధ్యలో ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. నూటికి పైగా ఏళ్ళు ఆ పేరే నడిచింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు "రాయలసీమ" అన్నారు, జనం దాన్ని అందుకున్నారు. పాలించేవాడి దస్తావేజులో పుట్టిన పేరును ఒక అయ్యవారి నోటిమాట తీసేసింది. అందుకు ఫర్మానా అక్కర్లేకపోయింది.

మన బయాజ్ మనమే

ఇదంతా చదివి నేను చేసిన పని చిన్నది. ఫోన్లోని వందల సూక్తుల్లో రావీ లేనివన్నీ తీసేశాను. మిగిలినవి చాలా తక్కువ. మనసుకు కష్టమైంది, కొన్ని నిజంగా బాగుండేవి. కానీ పేరు తెలియని మాటకు పెద్దవారి పేరు అతికించడం ఆ పెద్దవారి మీద బుహ్తాన్. పేరు తెలియకపోతే "విన్న మాట" అని చెబితే సరిపోతుంది, మాట విలువ ఏమీ తగ్గదు.

రెండో పని: అబ్బా వదిలేసిన ఖాళీ పేజీలు పదకొండు తీసుకుని అమ్మీ దగ్గర కూర్చున్నాను. "నేనేం చెబుతా బేటా, నాకేం తెలుసు" అని నవ్వింది. కరువులో ఏం వండేదానివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు ఎవరు నేర్పారు, పీర్ల పండగకు మన వీధికి ఎవరెవరు వచ్చేవారు, ఇలా చిన్న చిన్నవి అడిగాను. తెలుగు నేర్పింది పక్కింటి మగ్గం నేసే లక్షుమమ్మత్త అట. అమ్మీ ఆమెకు సేమ్యాల ఖీర్ నేర్పిందట. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్న మాటలు నాలుగు పేజీలు నిండాయి. కొన్ని దక్కనీలో, కొన్ని తెలుగులో, కొన్ని ఏదో చెప్పలేని కలగలుపులో. బ్రౌన్ దొర ఉంటే మిశ్రభాషా నిఘంటువుకు ఇంకో సంపుటం వేసేవాడు.

మీ ఇంట్లోనూ ఒక నానీ, ఒక దాదా, ఒక ఫుప్పు ఉంటారు. ఈ జుమాకో, వచ్చే ఈద్‌కో పిల్లల చేతికి ఒక తెల్లకాగితాల పుస్తకం ఇచ్చి వారి దగ్గర కూర్చోబెట్టండి. మాట రాయించండి. కింద ఎవరు చెప్పారో, ఎక్కడో, ఏ తారీఖో రాయించండి. ఏ సందర్భంలో చెప్పారో రెండు పంక్తులు రాయించండి. ముందుగా ఇంట్లో ఎవరి మాట ఎప్పుడూ ఎవరూ రాసుకోలేదో వారి దగ్గరికే పంపండి.

అమ్మీతో ఇంకా ఏడు పేజీలు మిగిలి ఉన్నాయి. ఆదివారం మళ్ళీ కూర్చుంటాం.

ఖుదా హాఫిజ్.